పాలమూరు, నల్లగొండ ఊర్లలో గుణాత్మక పరిశోధన ఎలా చేయాలి

మొదటిసారి ప్రశ్నల కాగితం పట్టుకొని మక్తల్ దగ్గర ఒక ఊరికి వెళ్ళినప్పుడు నా మొదటి ప్రశ్న ఇది: "మీరు ఎన్నేళ్ళ నుంచి వలస పోతున్నారు?" అరుగు మీద కూర్చున్న అవ్వ నన్ను కాసేపు చూసి, "మేం వలస యాడ పోయినం బిడ్డా, బతకపోయినం" అంది. నేను తలూపి, కాగితం మీద "వలస: 22 ఏళ్ళు" అని రాసుకున్నాను. మూడు నెలల తర్వాత రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు తెలిసింది, ఆమె చెప్పిన అసలు విషయాన్ని నేనే కొట్టేశానని. ఆమె లెక్కలో వలస అంటే ఊరు విడిచిపెట్టి పోవడం. బతకపోవడం అంటే పోయి రావడం. ఇల్లు ఇక్కడే, రెండెకరాల చెలక ఇక్కడే, ఓటు ఇక్కడే, పీర్ల పండుగ ఇక్కడే. ఆ తేడా మీదే ఒక అధ్యాయం రాయొచ్చు. నా దగ్గర ఉన్నది మాత్రం ఒక అంకె.

అప్పటి నుంచి గుణాత్మక పరిశోధన అంటే నాకు ఇదే పని: మనిషి అన్న మాటను ఆ మనిషి ఉద్దేశించిన అర్థంతోనే చివరి పేజీ దాకా తీసుకెళ్ళాలి, ఆ మాట చెప్పినందుకు ఆ మనిషికి ఏ నష్టమూ రాకూడదు. మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, ఇక్కడి ఏ పీజీ కాలేజీలోనో చదువుతూ మొదటి ప్రాజెక్టు మొదలుపెడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మెథడాలజీ పుస్తకాలు లైబ్రరీలో దొరుకుతాయి. ఊర్లో ఎదురయ్యేవి వాటిలో తక్కువ.

ముందు ప్రశ్న తేల్చుకోండి

మర్రిగూడ, మునుగోడు వైపు ఊర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. నీళ్ళ శాంపిల్ ల్యాబ్‌కి పంపితే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములుందో చెప్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. ఏ బోరు ఆ హద్దు దాటింది, ఎంతమంది పళ్ళు గారపట్టాయి అన్నది లెక్కలు తీసేవాళ్ళు చూసుకుంటారు. "ఆ ఊరి పిల్లను చేసుకోం" అని ఒక సంబంధం వెనక్కిపోయినప్పుడు ఆ తల్లి బిడ్డకు ఏమని చెప్పింది? నల్లా నీళ్ళు వచ్చాక కూడా ఒక ముసలాయన పాత బాయి నీళ్ళే తాగుతానంటే ఎందుకంటున్నాడు? ఇవి మీ ప్రశ్నలు. "ఎంత", "ఎందరు" అని మొదలయ్యే ప్రశ్న మీ దగ్గరుంటే అది సర్వేకి పోవాలి. "ఎట్ల", "ఏమని", "ఏమనుకొని" అని మొదలైతే మీ పని మొదలైనట్టు.

ప్రశ్నను చిన్నది చేయండి. "పాలమూరు వలసలు" అన్నది ప్రశ్న కాదు, నాలుగు తరాల బతుకు. "కొడుకూ కోడలూ పుణె పనికి పోతే ఇంటి దగ్గర మనవళ్ళతో ఉండిపోయిన ముసలివాళ్ళు రోజులు ఎట్ల గడుపుతున్నారు?" అంటే ఆరు నెలల్లో చేయగలరు. తేలిందో లేదో చూడటానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. ఆ ప్రశ్నను మీ నాయనమ్మకు వినిపించండి. ఆమె వెంటనే ఏదో చెప్పడం మొదలుపెడితే ప్రశ్న బాగున్నట్టు. "ఏమంటున్నవ్?" అంటే ఇంకా అది పుస్తకంలోనే ఉంది, తిరగరాయండి.

వెళ్ళే ముందు చదవాల్సింది

మన ప్రాంతం మీద ఇంతకు ముందు పని జరగలేదని అనుకోవద్దు. నల్లమల చెంచుల మధ్య 1940లలోనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఉండి రాశారు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కన శామీర్‌పేట మీద చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన జిల్లాల మీద పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. కనీసం ఐదు తీసి, వాళ్ళు ఎవర్ని అడిగారు, ఎవర్ని అడగలేదు అని మాత్రమే చూడండి. అడగనివాళ్ళ దగ్గరే మీకు దారి దొరుకుతుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాలవి. అప్పుడు మహబూబ్‌నగర్‌లో 64 మండలాలు, నల్లగొండలో 59. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి: ఇటు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, అటు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. 2019లో నారాయణపేట కూడా వచ్చింది. కొడంగల్ వైపు ఊర్లు వికారాబాద్‌లోకి, షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయాయి. "మహబూబ్‌నగర్ జిల్లా జనాభా" అని 2011 అంకె రాసి పక్కన ఈనాటి మ్యాప్ పెడితే రిపోర్టు మొదటి పేజీలోనే తప్పు పడినట్టు. ఊరి పేరుతో వెతికి, ఆ ఊరి అంకెలే తీసుకోండి.

సిద్ధాంతం ఎందుకు

థియరీ చాప్టర్ అంటే విద్యార్థులకు టెన్షన్. నలుగురు విదేశీ పండితుల పేర్లు రాసి, మళ్ళీ రిపోర్టులో వాళ్ళ జోలికే పోరు. దానికంటే, ఒక్క వాక్యం తీసుకొని చూడండి. ఒకామె నాతో అన్నది: "ఆయన మేస్త్రీ తాన పైసలు దీస్కునె, నేను పోవాల్సొచ్చె."

ఇక్కడ మేస్త్రీ అంటే అడ్వాన్సు ఇచ్చి కూలీలను పనికి తీసుకెళ్ళే మనిషి. మార్క్స్ చదివినవాళ్ళకు ఇందులో ముందుగా కనిపించేది అడ్వాన్సు: పని మొదలవకముందే చేతికొచ్చి, పని అయ్యాక కూడా వదలని అప్పు. స్త్రీవాద దృష్టితో చూసేవాళ్ళు "ఆయన తీసుకునె, నేను పోవాల్సొచ్చె" అన్న చోట ఆగుతారు: డబ్బు ఒకరి చేతికి, చాకిరీ ఇంకొకరికి. పైగా ఆ పని దగ్గర వంట, నీళ్ళు, పిల్లలు ఎవరి మీద పడ్డాయని అడుగుతారు. అనుభవాన్ని అనుభవంగా అర్థం చేసుకోవాలనే ఫినామినాలజీ వాళ్ళు "పోవాల్సొచ్చె" అన్నప్పుడు ఆమెకు ఎట్లనిపించిందో ఇంకా వినాలంటారు. గ్లేసర్, స్ట్రాస్ 1967లో చెప్పిన గ్రౌండెడ్ థియరీ దారిలో వెళ్ళేవాళ్ళు ఏ సిద్ధాంతాన్నీ ముందే తగిలించకుండా, ఇట్లాంటి మాటలు పోగేసి, పోల్చి, సిద్ధాంతాన్ని కింది నుంచి కడతారు.

ఒక్కటి ఎంచుకోండి. ఎందుకు ఎంచుకున్నారో అర పేజీ రాయండి. అది మీ ప్రశ్నల్లో, మీరు ఎవరితో మాట్లాడారన్న దాంట్లో, చివరి అధ్యాయంలో కనిపించాలి. కనిపించకపోతే ఆ అధ్యాయం తీసేయడమే నయం.

అనుమతి, సమ్మతి

అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న వందలమంది నల్లజాతి పేదలను, వాళ్ళకు అసలు విషయం చెప్పకుండా, మందు ఉండి కూడా ఇవ్వకుండా "పరిశీలించారు". అది బయటపడ్డాకే 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. మనిషి ఇష్టాన్ని గౌరవించాలి, మేలు చూడాలి, పరిశోధన భారమూ ఫలితమూ న్యాయంగా పంచాలి అని అది చెప్పింది. మన దేశంలో ఆరోగ్యానికి సంబంధించిన పరిశోధనలకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలున్నాయి. మీ అంశం ఫ్లోరైడ్ బాధితులైనా, కాన్పులైనా, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదటి ఇంటర్వ్యూ. తర్వాత తెచ్చుకుందాం అనుకోవద్దు, అప్పటిదాకా చేసినవి చెల్లవు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలి చెంచు పెంటలకు, అంటే చెంచుల గూడేలకు, వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి విడిగా కావాలి. దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ముందే దరఖాస్తు పెట్టండి.

కాగితాల అనుమతి ఒక ఎత్తు, ఊర్లో మనిషి ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. మన ఊర్లలో సంతకం అంటే భయం. వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కథ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి తెలుసు. మీరు రెండు పేజీల ఇంగ్లిష్ సమ్మతి పత్రం తీసి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే లోపలికి వెళ్ళి తలుపేసుకుంటారు. తెలుగులో, వాళ్ళ మాటలో, నోటితో చెప్పి, ఒప్పుకున్న సంగతి సాక్షి ముందు రికార్డు చేసే పద్ధతికి మీ కమిటీని ముందే ఒప్పించండి. నేను చెప్పేది దాదాపు ఇట్లా ఉంటుంది:

"అమ్మా, నేను కాలేజీలో చదువుతున్న. మీరు బతకపోయినప్పటి ముచ్చట రాస్త. దీంతోని మీకు పింఛన్ రాదు, ఇల్లు రాదు, నేను సర్కారు మనిషిని గాదు. చెప్పబుద్ధి కాని సంగతి చెప్పకుండ్రి. నడుమ ఆపమంటే ఆపుత. మీ పేరు రాయ. ఈ ఫోన్ల మాట రికార్డైతది, వద్దంటే బంద్ చేస్త."

పింఛన్ రాదన్న మాట తప్పకుండా చెప్పండి. ఫైలు పట్టుకొని వచ్చిన ప్రతి మనిషినీ ఏదో పథకం రాసుకోవడానికి వచ్చాడనుకుంటారు. ఆ ఆశ మీద చెప్పిన మాటను మీరు తీసుకుంటే అది మోసమే.

"ఎవ్వరికీ చెప్పను" అని కూడా ఊరికే మాట ఇవ్వకండి. పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అడ్వాన్సు తీరక మనుషుల్ని పని దగ్గర ఆపేసిన సంగతి బయటపడితే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. అట్లాంటిది ఎదురైతే ఎవరికి చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్నది ఊరికి పోకముందే గైడ్‌తో కూర్చొని తేల్చుకోండి. అరుగు మీద, ఏడుస్తున్న మనిషి ముందు ఆలోచించుకునే విషయం కాదది.

ఫ్లోరైడ్ ఊర్ల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. దశాబ్దాలుగా అక్కడికి కెమెరాలు వస్తున్నాయి. వంకరపోయిన కాళ్ళ ఫోటోలు దేశమంతా తిరిగాయి. అడిగితే ఇప్పటికీ చాలామంది మంచం మీద నుంచి లేచి కాళ్ళు చూపిస్తారు, అలవాటైపోయింది కాబట్టి. మీరు అడగకండి. వాళ్ళు చూపించినా ఫోటో తీయకండి. మాట వినడానికి వచ్చానని చెప్పండి.

ఎవరితో, ఎంతమందితో

ఊర్లోకి ఎవరి ఇంటి నుంచి వెళ్తే ఆ ఇంటి మనిషైపోతారు. సర్పంచ్ ఇంట్లో భోంచేసి దళితవాడకు వెళ్తే అక్కడ మీకు చెప్పే మాట వేరు. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడర్ మంచి దారి చూపిస్తారు. వాళ్ళ ద్వారా వెళ్తే సంఘంలో లేని ఆడవాళ్ళు, అంటే అందరికంటే పేదవాళ్ళు, మీకు దొరక్కపోవచ్చు. అందుకే రెండు మూడు వేర్వేరు దారుల్లో వెళ్ళండి. మొదటి రోజు ఇంటర్వ్యూ వద్దు. బస్టాండ్ దగ్గర చాయ్ తాగండి, ఊరంతా ఒకసారి నడవండి, ఏ వాడ ఎక్కడుందో, నీళ్ళ ట్యాంకు ఎవరికి దగ్గరో చూసి మ్యాప్ గీసుకోండి.

"మీరేమోళ్ళు బిడ్డా?" అని అడుగుతారు. అడిగి తీరతారు. తప్పించుకోవద్దు, అబద్ధం అసలే వద్దు. చెప్పాక వాళ్ళ మాట తీరు ఎట్లా మారిందో, మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టారో, నీళ్ళు ఎందులో ఇచ్చారో, ఇచ్చిన చోట మీరు తాగారో లేదో ఆ రాత్రే రాసుకోండి. పుస్తకాలు రిఫ్లెక్సివిటీ అనే దానికి మన ఊర్లలో మొదటి పేజీ ఇదే. మీ కులం, మీరు ఆడో మగో, మీ చదువు, మీ బండి, అన్నీ మీకు వచ్చే జవాబును మారుస్తాయి. మారలేదని రాసిన రిపోర్టును నేను నమ్మను.

ఎంతమంది అన్నది అందరూ అడిగేదే. గెస్ట్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2006లో ఘనా, నైజీరియాలలో 60 మంది స్త్రీల ఇంటర్వ్యూలు పరిశీలించి, మొదటి 12 లోనే ముఖ్యమైన విషయాలన్నీ దాదాపు వచ్చేశాయని చెప్పారు. అప్పటి నుంచి 12 అన్నది మంత్రంలా తిరుగుతోంది. కానీ వాళ్ళు మాట్లాడింది ఒక్క తీరు మనుషులతో, ఒక్క తీరు ప్రశ్నలతో. మీరు మేస్త్రీలు, కూలీకి పోయిన ఆడవాళ్ళు, ఇంటి కావలి ఉన్న ముసలివాళ్ళు అని మూడు తీర్ల మనుషులతో మాట్లాడుతుంటే, మూడు గుంపులకూ కలిపి 12 సరిపోదు. కొత్త మనిషి కొత్త సంగతి చెప్పడం ఆగే దాకా వెళ్ళాలి. ఆగిందనిపించాక ఇంకో ఇద్దరితో మాట్లాడి చూసుకోండి.

కాలం కూడా చూసుకోవాలి. బతకపోయినవాళ్ళు పీర్ల పండుగకు, జాతరలకు, ఓట్లకు ఊరికొస్తారు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర రోజుల్లో ఊరు నిండుగా ఉంటుంది, కానీ మాట్లాడే తీరిక ఉండదు. పత్తి ఏరే రోజుల్లో పగలు ఊర్లో ఎవరూ ఉండరు. అప్పుడు చేను దగ్గరికే పోవాలి, లేదా దీపాలు పెట్టాక రావాలి.

అడగడం

"మీరు పడ్డ కష్టాల గురించి చెప్పండి" అని అడిగితే కష్టాలే చెప్తారు. మీరు వాటికే వచ్చారని అర్థమైపోతుంది కదా. "మొదటిసారి ఊరిడిచి పోయిన రోజు పొద్దుగాల లేచిన కాడి నుంచి చెప్పు అవ్వా" అనండి. అప్పుడు సద్ది మూట వస్తుంది, బస్సు వస్తుంది, చంకలో పిల్ల వస్తుంది, వెనక్కి తిరిగి చూడొద్దన్న అత్త మాట వస్తుంది. వాళ్ళ కష్టం అందులోనే ఉంటుంది, సంతోషం కూడా ఉంటుంది. బొంబాయిలో మొదటిసారి సముద్రం చూసిన సంగతి చెప్తూ ఒకామె పావుగంట నవ్వింది. కష్టాల ప్రశ్న అడిగి ఉంటే ఆ సముద్రం నాకు దొరికేది కాదు.

"ఎందుకు?" అని నేరుగా అడిగితే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "అప్పుడేమైంది?", "తర్వాత?", "ఆయనేమన్నడు?" చాలు. ఎనిమిది, పది ప్రశ్నలు కాగితం మీద ఉంచుకోండి, వరసగా అడగకండి. మాట ఎటు పోతే అటు పోయి, మిగిలిపోయిన దాన్ని చివర్లో అందుకోండి.

చెప్తూ చెప్తూ ఆగిపోతారు. ఆ మౌనాన్ని నింపడానికి తొందరపడొద్దు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. రాకపోతే అది చెప్పదలుచుకోని సంగతి, వదిలేయండి. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే రికార్డర్ ఆపండి, ఆపినట్టు కనిపించేలా ఆపండి. మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది వాళ్ళిష్టం.

ఆడవాళ్ళతో ఒంటరిగా మాట్లాడటం మన ఊర్లలో కష్టం. మీరు కోడల్ని అడిగితే అత్త చెప్తుంది, భార్యను అడిగితే వాకిట్లో బీడీ కాలుస్తున్న భర్త చెప్తాడు. వాళ్ళను తరిమేయకండి. వాళ్ళతో కూడా కాసేపు ఇంటర్వ్యూ చేసి, వాళ్ళ మాట విన్నారన్న తృప్తి ఇవ్వండి. ఆ తర్వాత ఎండాకాలం చింతపండు కొట్టే చోట, పల్లికాయ ఒలిచే చోట ఆమె పక్కన కూర్చొని మీరూ నాలుగు కాయలు ఒలవండి. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా విప్పుతారు. ఫోన్ మాత్రం నేల మీద పెట్టొద్దు. చింతపండు కొట్టే ప్రతి దెబ్బా అందులో పడి మాటను మింగేస్తుంది. ఒళ్ళోనో, మడత పెట్టిన తువ్వాలు మీదనో పెట్టండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

తండాల్లో ముసలివాళ్ళు లంబాడీలోనే మనసు విప్పుతారు. నారాయణపేట అవతల కృష్ణ మండలం వైపు కన్నడం వినిపిస్తుంది. ఆ ఇంటి కుర్రాడినే దుబాసీగా పెట్టుకుంటే అవ్వ ఐదు నిమిషాలు చెప్పింది "డబ్బులు సరిపోలేదంట సార్" అయిపోతుంది. బయటి మనిషిని పెట్టుకొని, ఆమె "నేను" అంటే తనూ "నేను" అనే చెప్పేలా ముందే నేర్పండి.

రాసుకోవడం, రాతలోకి దించడం

రికార్డర్ ఉంది కదా అని నోట్‌బుక్ వదిలేయొద్దు. ఆమె ఏ మాట దగ్గర గొంతు తగ్గించింది, మేస్త్రీ బండి వీధిలోకి రాగానే మాట ఎట్లా మార్చింది, ఇవి రికార్డులో ఉండవు. ఆ రాత్రి పడుకోకముందే రాయాలి. తెల్లారితే సగం పోతుంది. చూసింది ఎడమ పేజీలో, మీకనిపించింది కుడి పేజీలో రాయండి. "గుడిసె లోపల చీకటి, ఒక మంచం, నాలుగు స్టీలు బిందెలు" అన్నది చూసింది. "చాలా పేదవాళ్ళు" అన్నది మీకనిపించింది. రెండూ కలిపేస్తే తర్వాత విడదీయలేరు.

ఆ రాత్రే రికార్డింగ్ ఇంకో చోటికి కాపీ చేయండి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు అక్కడి పరిశోధనా కేంద్రానికి ఎవరో నిప్పు పెట్టారు. మైసూరు దగ్గర ఊరి మీద ఆయన ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులుండేవి, మూడూ అక్కడే ఉండి కాలిపోయాయి. కాబట్టి రెండు కాపీలు ఒకే బ్యాగులో ఉంటే ఒక్క కాపీ ఉన్నట్టే.

రాతలోకి దించడం అందరూ తప్పించుకోవాలనుకునే పని. గంట రికార్డింగ్‌కి నాకు ఆరేడు గంటలు పడుతుంది. దీన్ని ఇంకొకరికి డబ్బులిచ్చి చేయించకండి, కనీసం మొదటి ఐదు మీరే చేయండి. వింటూ రాసేటప్పుడే సగం విశ్లేషణ జరిగిపోతుంది.

మాటను దిద్దకండి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. "పోయినం" అంటే "పోయినం" అనే రాయండి, "వెళ్ళాము" అని రాయొద్దు. గద్వాల, అలంపూర్ వైపు "పోతిమి" అంటే అదే రాయండి. "కైకిలి" అన్నదాన్ని "కూలి" చేయొద్దు, "పరేషాన్" అన్నదాన్ని "ఇబ్బంది" చేయొద్దు, "తొవ్వ" అన్నదాన్ని "మార్గం" చేయొద్దు. చిన్నప్పటి నుంచి బడి మన యాసను దిద్దుతూనే వచ్చింది. ఆ దిద్దే చెయ్యి మనకు తెలియకుండానే కాగితం మీద పనిచేస్తుంది. రాసింది మళ్ళీ వింటూ సరిచూసుకుంటే, దిద్దిన చోట్లు ప్రతి పేజీలో రెండు మూడు దొరుకుతాయి. నాకు ఇప్పటికీ దొరుకుతాయి.

రిపోర్టు ఇంగ్లిష్‌లో ఇవ్వాల్సి వస్తే, విశ్లేషణ మొత్తం తెలుగు ప్రతి మీదే చేసి, వాడుకునే మాటల్ని మాత్రమే చివర్లో అనువదించండి. "బతకపోవుడు", "అడ్వాన్సు", "ఇల్లు కావలి" లాంటివి అనువదించకుండా అట్లాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట నాలుగు వాక్యాల్లో వివరించండి.

కోడింగ్

సాఫ్ట్‌వేర్లున్నాయి. పదిహేను ఇంటర్వ్యూలకు వెడల్పు మార్జిన్ వదిలిన ప్రింటౌట్లు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు చాలు. ప్రతి పేరా పక్కన అందులో ఏం జరుగుతోందో రెండు మూడు మాటల్లో రాయండి. వీలైన చోట వాళ్ళ మాటనే కోడ్‌గా పెట్టండి. "ముసలివాళ్ళ సామాజిక ఒంటరితనం" అని నేను రాసుకున్న చోట ఒక తాత అన్న మాట "ఇంటికి తాళం లెక్క ఉన్నం". ఆయన మాట పెట్టుకున్నాక అదే కోడ్ ఇంకో ఆరు ఇంటర్వ్యూల్లో పనికొచ్చింది. నా మాట ఎక్కడా అతకలేదు.

కోడ్లు పోగయ్యాక వాటిని గుంపులు చేసి థీమ్‌లు కట్టాలి. బ్రౌన్, క్లార్క్ 2006లో దీనికి ఆరు దశలు చెప్పారు: చదివి చదివి అలవాటు పడటం, కోడ్లు పెట్టడం, థీమ్‌లు వెతకడం, సరిచూడటం, పేరు పెట్టి నిర్వచించడం, రాయడం. అవి వరసగా సాగవు, వెనక్కీ ముందుకీ తిరుగుతారు. చాలామంది తడబడేది మూడో దశలో. "అప్పు" అన్నది థీమ్ కాదు, ఒక అంశం పేరు. "అప్పు తీర్చడానికి పోతే, పోవడానికే ఇంకో అప్పు" అన్నది థీమ్. దాంట్లో ఒక సంగతి ఉంది, దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. మీ థీమ్‌ను కాదనడానికి వీల్లేకపోతే అది ఇంకా థీమ్ కాలేదు.

మీ థీమ్‌కు అడ్డం తిరిగే మనిషిని వెతకండి. అప్పు లేకుండా, ఇష్టపడి పోయి, పుణెలో మేస్త్రీ అయి, ఊర్లో మిద్దె కట్టుకున్న మనిషి ఒకరుంటారు. ఆయన్ని వదిలేస్తే థీమ్ అందంగా ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది.

రిపోర్టు

పధ్నాలుగు మందితో మాట్లాడి "71 శాతం మంది" అని రాయకండి. "పధ్నాలుగు మందిలో పదిమంది" అనండి. వాళ్ళ మాట పెట్టి, ఆ మాటే మళ్ళీ మీ మాటల్లో చెప్పకండి. ఆ మాట ఏ సందర్భంలో వచ్చింది, ఎవరున్నారు, దాన్ని బట్టి మీకేం అర్థమైంది అన్నది రాయండి. మెథడాలజీ అధ్యాయంలో జరిగింది జరిగినట్టు రాయండి: ఎవరు మాట్లాడనన్నారు, ఎక్కడ పొరపాటైంది, ఎవరి ద్వారా వెళ్ళారు. లింకన్, గూబా 1985లో చెప్పిన నమ్మదగినతనం అనేది ఇక్కడే తేలుతుంది, క్రెడిబిలిటీ, ట్రాన్స్‌ఫరబిలిటీ, డిపెండబిలిటీ, కన్ఫర్మబిలిటీ అని వాళ్ళ నాలుగు ఇంగ్లిష్ పదాలు వరసగా రాస్తే తేలదు. కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం దాటిన పోలిక చర్యల కిందికి వస్తుంది. నిజానికి మీ దగ్గర వాళ్ళ మాటలుంటే ఇంకొకరి పేరాలతో పనే ఉండదు.

పేర్లు మార్చడంతో పని అయిపోదు, ఇది నేను నష్టం చేసి నేర్చుకున్నాను. ఒక రిపోర్టులో ఊరి పేరు, ఆమె పేరు రెండూ మార్చాను. "భర్త చనిపోయి, కుట్టు మిషన్ మీద ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతున్న స్త్రీ" అని రాసి, మేస్త్రీ గురించి ఆమె చెప్పిన మాట పెట్టాను. ఆ ఊర్లో కుట్టు మిషన్ ఉన్న ఇల్లు ఒక్కటే. ఎవరో చదివి చెప్పారు. తర్వాతి ఏడాది ఆమె తమ్ముడికి ఆ మేస్త్రీ పని ఇవ్వలేదు. నేను వెళ్ళి క్షమాపణ అడిగితే, "రాయొద్దని చెప్పాల్సుండె, నాదే తప్పు" అంది. ఆమె తప్పు ఏమీ లేదు.

ఆ తర్వాత నేను చేసేది చెప్తాను. రిపోర్టు ముద్రణకు ముందు ప్రతి మాటనూ ఆ ఊరి మనిషి కళ్ళతో ఒకసారి చదువుతాను: కులం, పని, పిల్లల లెక్క, ఇల్లున్న వాడ, వీటిలో ఏ రెండు కలిపితే మనిషి దొరికిపోతారు? కుట్టు మిషన్‌ను కూరగాయల అమ్మకం చేస్తాను, ఇద్దరు ఆడపిల్లల్ని "పిల్లలు" చేస్తాను, లేదా ఒకరి మాటలు రెండు పేర్ల కింద విడదీస్తాను. వివరాలు మార్చానని మెథడాలజీలో చెప్తాను. అంత చేసినా దొరికిపోయే మాటైతే, ఎంత గొప్ప మాటైనా తీసేస్తాను. అసలు పేర్లూ మారు పేర్లూ ఉన్న కాగితం రికార్డింగులతో ఒకే చోట ఉంచను.

తిరిగి వెళ్ళడం

రిపోర్టు కాలేజీలో ఇచ్చేముందు ఊరికి వెళ్ళండి. మీకు తేలింది రెండు పేజీల్లో, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి, మహిళా సంఘం మీటింగ్ రోజు చదివి వినిపించండి. ఎవరి మాట అన్నది తెలియకుండా థీమ్‌లు మాత్రమే చెప్పండి. కాదన్నది రాసుకోండి. మక్తల్ దగ్గరి ఆ అవ్వ దగ్గరికి నేను రెండోసారి వెళ్ళినప్పుడు "బతకపోవుడంటే పోయి వచ్చుడు" అని నా అర్థం చదివి వినిపించాను. ఆమె విని, "మా పెద్దోడు పోయి రాలే గద. ఆడనే ఇల్లు కొనుక్కునె. వాంది వలసనే" అంది. ఆ ఒక్క మాటతో నా మూడో అధ్యాయం తిరగరాశాను: ఒకే ఇంట్లో తల్లి బతకపోయింది, కొడుకు వలస పోయాడు.

కాబట్టి సబ్మిషన్ తేదీకి కనీసం నెల ముందు ఈ ప్రయాణం పెట్టుకోండి, తిరగరాయడానికి సమయం ఉండాలి. జూన్‌లో తొలకరి పడిందంటే అందరూ విత్తనాల మీద ఉంటారు, ఎవరూ దొరకరు. మే నెలలో, పొద్దు గూకినాక వెళ్ళండి.